పాటతో ఇంగ్లీషు, పాటతో పరిచయాలు: బెంగళూరు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్ళి పీజీలో దిగిన ఫ్రెషర్, పిల్లల్ని స్కూలు బస్సెక్కించి వచ్చిన తల్లి, ఎలక్ట్రానిక్ సిటీ వైపు క్యాబ్ నడిపే డ్రైవరు... అడిగేవాళ్ళు వేరు, సందేహాలు మాత్రం అవే. మళ్ళీ మళ్ళీ వచ్చేవాటిని ఒకచోట చేర్చాం. మీరున్న దశ ఏదో చూసుకుని అక్కడి నుంచే చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

పాటలు వింటే నిజంగా ఇంగ్లీషు వచ్చేస్తుందా?

ఊరికే వింటే రాదు. చిన్నప్పటి నుంచి హిందీ పాటలు వింటూ, వాటిని తప్పు లేకుండా పాడుతూ, హిందీలో దారి కూడా అడగలేనివాళ్ళు మన ఇళ్ళల్లో ఎంతమంది లేరు! విన్న పాటతో ఏదో ఒక పని చేయాలి: రాసుకోవాలి, పలకాలి, దాని గురించి ఇంకొకరితో మాట్లాడాలి.

పాట బాగా నేర్పేవి రెండు. ఒకటి, ఇంగ్లీషు వాక్యంలో ఏ మాట మీద బరువు పడుతుంది, ఏ మాట నలిగిపోతుంది అన్నది. రెండు, విడి మాటలు కాకుండా నాలుగైదు మాటల ముక్క మొత్తంగా నోటికి రావడం. ఈ-మెయిల్ రాయడం, అప్పటికప్పుడు జవాబు చెప్పడం పాట నేర్పదు. వాటికి వేరే సాధన కావాలి.

సినిమాలు, న్యూస్ ఉన్నాయిగా, పాటలే ఎందుకు?

న్యూస్ బులెటిన్‌ని రెండోసారి ఎవరూ వినరు. నచ్చిన పాటను ముప్పైసార్లు విన్నా విసుగు రాదు, పల్లవి ఒక్కో పాటలో మూడు నాలుగు సార్లు తిరిగొస్తుంది. భాష నోట్లో కుదురుకునేది ఆ తిరగడంలోనే.

నాకు శ్రుతి లేదు, గొంతు అసలే లేదు. పనికొస్తుందా?

శ్రుతితో పని లేదు, లయ ఉంటే చాలు. బల్ల మీద వేలితో తాళం వేస్తూ పాటను మామూలు మాటలా పలికినా ఫలితం ఉంటుంది. గొంతు బాగున్నవాళ్ళకు వేరే చిక్కుంది: రాగం బాగా కుదరగానే పని అయిపోయిందనుకుంటారు, మాటలు సగం మింగేస్తారు.

రోజుకు ఎంతసేపు చేయాలి?

ఇరవై నిమిషాలు, వారానికి ఒక పాట. రెండు నెలలకు ఎనిమిది పాటలు చాలు. యాభై పాటల ప్లేలిస్టు పెట్టుకుంటే ఒక్కటీ పూర్తి కాదు.

అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో కంపెనీ బస్సు ఎలాగూ గంట నిలబెడుతుంది, వినే పని అక్కడ కానిచ్చేయొచ్చు. ఒక జాగ్రత్త. చుట్టూ హారన్ల మోత ఉన్నప్పుడు మనకు తెలియకుండానే సౌండు పెంచేస్తాం. పెద్దవాళ్ళకు 80 డెసిబెల్స్ ధ్వని వారానికి 40 గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఫోన్ వాల్యూమ్ 60 శాతం దాటకుండా చూసుకోండి. అంతలో మాటలు వినపడకపోతే ఆ పూట వదిలేయడమే మంచిది.

నేను తెలుగు మీడియం. పాటను తెలుగు లిపిలో రాసుకుని పాడొచ్చా?

మొదటి రెండు రోజులు రాసుకోండి, తర్వాత ఆ కాగితం మడిచిపెట్టండి. తెలుగులో ప్రతి అచ్చూ నిండుగా పలుకుతుంది. ఇంగ్లీషులో బరువు పడని అచ్చు నలిగిపోయి, 'అ'కీ 'ఎ'కీ మధ్య ఓ గుర్తుపట్టలేని ధ్వనిగా మిగులుతుంది. 'బనానా' అని రాస్తే మన నోరు మూడు అక్షరాలనూ పలుకుతుంది. అక్కడ మధ్యలో ఉన్న 'నా' ఒక్కటే గట్టిగా వినపడాలి, మొదటిదీ చివరిదీ దాదాపు మాయమవ్వాలి. తెలుగు లిపిలో ఆ తేడా చూపించే గుర్తు లేదు. ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకుని, బరువు పడే చోట పైన చిన్న గీత పెట్టుకోవడం నయం.

## పాట ఎంచుకోవడం

మొదటి పాటగా ఏది తీసుకోవాలి?

పేరు కంటే పరీక్ష ముఖ్యం. లిరిక్స్ చూడకుండా ఒకసారి వినండి. మూడో వంతు మాటలైనా అందితే ఆ పాట మీ స్థాయిది. అంతకంటే తక్కువ అందితే నెలాఖరుకు వాయిదా వేయండి, అన్నీ అందితే అందులో మీకు నేర్చుకునేదేమీ లేదు. తర్వాత లిరిక్స్‌లో మాటలు లెక్కపెట్టి, పాట నిడివి నిమిషాలతో భాగించండి. నిమిషానికి 70, 80 మాటలలోపు వస్తే మొదటి పాటకు సరిపోతుంది. ఒకే గొంతు, కొద్దిపాటి వాయిద్యాలు ఉంటే మంచిది. ఎవరో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు సాగే పాటైతే ఇంకా మంచిది, ఆ వాక్యాలు బయట కూడా పనికొస్తాయి.

ఎక్కడ వెతకాలో తెలియకపోతే అన్నాచెల్లెళ్ళ బృందం కార్పెంటర్స్‌తో మొదలుపెట్టండి. కారెన్ కార్పెంటర్ పలుకు ముత్యాలు పేర్చినట్టు ఉంటుంది. ఆబా బృందం స్వీడన్‌ది, ఇంగ్లీషు వాళ్ళ మాతృభాష కాదు. బహుశా అందుకేనేమో వాళ్ళ పాటల్లో మాట చాలావరకు సాఫీగా అందుతుంది. మీ టీమ్ లీడ్ పుట్టకముందు పాటలే అయినా ఫర్వాలేదు.

మా రూమ్మేట్స్ అందరూ ర్యాప్ వింటారు. అదే నేర్చుకోవచ్చా?

మూడో నెల వరకు ఆగండి. ర్యాప్ మామూలు మాటకు బాగా దగ్గర, బరువు ఎక్కడ పడుతుందో కొట్టినట్టు వినపడుతుంది, అంతవరకు గొప్పదే. కానీ వేగం ఎక్కువ, యాస మాటలెక్కువ, ఆఫీసులో నోరు జారితే హెచ్‌ఆర్ దాకా వెళ్ళే మాటలూ ఎక్కువ. తీసుకున్నప్పుడు పాటంతా కాకుండా నాలుగు పాదాలే తీసుకోండి.

అమెరికన్ పాటలు వినాలా, బ్రిటిష్ పాటలు వినాలా?

పాటలో ఆ తేడా మీరనుకున్నంత ఉండదు. చాలామంది బ్రిటిష్ గాయకులు పాడేటప్పుడు అమెరికన్ పలుకులోకి జారిపోతారు. మీరు రోజూ మాట్లాడే క్లయింట్ ఏ దేశమో ఆ దేశపు గొంతులు ఎక్కువ వినండి, అర్థం చేసుకోవడానికి. యాసను అనుకరించడానికి మాత్రం కాదు. అరువు యాసతో మాట్లాడితే మూడో వాక్యానికే అతుకులు బయటపడతాయి.

మన తెలుగు పాటల్లోనే బోలెడంత ఇంగ్లీషు ఉంటుంది కదా, అది చాలదా?

చాలదు. 'లవ్వు', 'హార్టు', 'ఫేసు' అన్నవి తెలుగు లయకు లొంగిపోయిన మాటలు. సరదాకు పాడుకోండి.

## వినడం, రాసుకోవడం

పాట ఎంచుకున్నాను. ఇప్పుడు రోజువారీగా ఏం చేయాలి?

మొదటి రోజు లిరిక్స్ ముట్టుకోకుండా మూడుసార్లు విని, అందిన మాటలు కాగితం మీద రాయండి. వరుస తప్పినా సరే.

రెండో రోజు పల్లవి, మొదటి చరణం మాత్రమే. యూట్యూబ్‌లో గేర్ గుర్తు నొక్కి ప్లేబ్యాక్ స్పీడ్ 0.75 పెట్టండి. శ్రుతి పడిపోదు, వేగమే తగ్గుతుంది. 0.5కి వెళ్తే గొంతు సాగిపోయి మాటలు ఇంకా చెడిపోతాయి. ఫోన్‌లో తెర ఎడమవైపు రెండుసార్లు తడితే 10 సెకన్లు, కంప్యూటర్‌లో ఎడమ బాణం నొక్కితే 5 సెకన్లు వెనక్కి వస్తుంది. ఒక్కో పాదం ఐదుసార్లకు మించి వినకండి. అందనిచోట ఖాళీ గీత గీసి ముందుకు పొండి.

మూడో రోజు లిరిక్స్ తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దుకోండి. తప్పుల్ని రెండు రకాలుగా విడదీయండి: తెలియని మాట కాబట్టి అందనివి, తెలిసిన మాటే అయినా చెవికి అందనివి. మొదటిదానికి డిక్షనరీ చాలు. రెండోదే అసలు బంగారం. మీటింగ్‌లో మీరు జారవిడిచేది కూడా సరిగ్గా అవే మాటల్ని.

నాలుగో రోజు బరువు గీతలు పెట్టుకుని, గాయకుడితో పాటు మాటలా పలకండి. ఐదో రోజు పాడండి. ఆరో రోజు కాగితం లేకుండా పాడండి. ఏడో రోజు ఆ పాటలో ఏం జరిగిందో మీ సొంత ఇంగ్లీషులో ఒక నిమిషం చెప్పి ఫోన్‌లో రికార్డు చేయండి. చాలామంది ఆరో రోజు దగ్గరే ఆగిపోతారు. మాట్లాడటం మొదలయ్యేది ఏడో రోజునే.

చదివితే అన్నీ తెలిసిన మాటలే, వింటే ఒక్కటీ అందదు. నా చెవిలో ఏమైనా లోపమా?

లోపం చెవిది కాదు, సంధిది. 'వాడు ఎక్కడ' అని మనం విడగొట్టి అనం, 'వాడెక్కడ' అంటాం. బడిలో దాన్ని ఉత్వసంధి అని చదువుకున్నాం. ఇంగ్లీషులోనూ ఇలాంటివి అడుగడుగునా ఉన్నాయి. తేడా ఏమిటంటే, తెలుగులో సంధి కలిస్తే అలాగే రాస్తాం. ఇంగ్లీషులో నోరు కలిపేస్తుంది, రాత మాత్రం విడివిడిగానే నిలబడుతుంది. 'పిక్ ఇట్ అప్' మూడు మాటలుగా కనిపిస్తుంది, 'పికిటప్' అని ఒకటే మాటగా వినిపిస్తుంది. 'డిడ్ యూ' కాస్తా 'డిడ్జు', 'వాంట్ టు' కాస్తా 'వానా', 'గోయింగ్ టు' కాస్తా 'గొనా' అవుతాయి. అమెరికన్ నోట్లో రెండు అచ్చుల మధ్య ఉన్న 'ట' దాదాపు 'డ'లా మారి, వాటర్ 'వాడర్' అవుతుంది.

పైగా టు, ఫర్, ఆఫ్, అండ్, కెన్ వంటి చిన్న మాటలు రెండు రూపాల్లో ఉంటాయి. డిక్షనరీ చదివేటప్పుడు మనకు పరిచయమైంది నిండు రూపం, వాక్యం మధ్యలో వచ్చేది నలిగిన రూపం. 'అండ్' ఒక్క 'న్'గా మిగులుతుంది, 'ఆఫ్' ఒక్కోసారి ఉత్త 'అ' అయిపోతుంది.

ఇందులో డబ్బు నష్టం తెచ్చే జంట ఒకటుంది: 'కెన్', 'కాంట్'. అమెరికన్ కాల్‌లో 'కాంట్' చివరి 'ట' వినపడుతుందని ఎదురుచూస్తే మోసపోతారు. అది దాదాపు వినపడదు. బరువు చూడాలి. 'ఐ కన్ డూ ఇట్'లో బరువు 'డూ' మీద పడి, కెన్ నలిగిపోతుంది. చేయలేనని చెప్పేటప్పుడు బరువు 'కాంట్' మీదే నిలబడుతుంది. పాటల్లో ఈ రెండు మాటలు ఎదురైన ప్రతిచోటా ఆపి, ఏది నలిగింది, ఏది నిలబడింది అని చూసుకోండి.

లిరిక్స్ ఎక్కడ చూడాలి? నమ్మొచ్చా?

స్పాటిఫై లాంటి యాప్‌లలో పాటతో పాటు కదిలే లిరిక్స్, మ్యూజిక్స్‌మ్యాచ్, గాయకుల సొంత ఛానెళ్ళలోని లిరిక్ వీడియోలు మంచివి. జీనియస్ సైటులో పాదం మీద నొక్కితే దాని అర్థం గురించి పాఠకులు రాసిన వివరణలు వస్తాయి. పనికొచ్చేవే గానీ, ఊహాగానాలూ కలిసి ఉంటాయి. యూట్యూబ్ తనంతట తాను తయారుచేసే క్యాప్షన్లను పాటల విషయంలో అస్సలు నమ్మొద్దు, డ్రమ్స్ మోగగానే అవి దారి తప్పుతాయి. రెండు చోట్ల చూసి, తేడా వచ్చిన పాదాన్ని మీ చెవితో తేల్చుకోండి.

ఏళ్ళ తరబడి ఒక పాటను తప్పు మాటలతో పాడుతున్నానని తెలిసింది. సిగ్గుగా ఉంది.

ఇంగ్లీషువాళ్ళకే జరిగే పని ఇది. దానికి పేరు కూడా ఉంది: మాండెగ్రీన్. సిల్వియా రైట్ అనే అమెరికన్ రచయిత్రి, చిన్నప్పుడు ఒక పాత స్కాటిష్ గేయంలో 'లెయిడ్ హిమ్ ఆన్ ద గ్రీన్' అన్నదాన్ని 'లేడీ మాండెగ్రీన్' అని విన్నానంటూ 1954లో రాసిన వ్యాసంతో ఆ పేరు పుట్టింది. మీ తప్పును దాచుకోకుండా ఆఫీసులో చెప్పి చూడండి. ఎదుటివాళ్ళు వెంటనే తమది ఒకటి చెబుతారు. పరిచయానికి ఇంతకంటే తేలికైన దారి లేదు.

## పాడటం, పలకడం

ఏ మాట మీద బరువు పడాలో ఎలా కనిపెట్టాలి?

పదో తరగతిలోపు ఉత్పలమాలకు గణవిభజన చేసిన చేయి మీది. భ-ర-న-భ-భ-ర-వ అంటూ అక్షరాల మీద గురు లఘువుల గుర్తులు పెట్టినట్టే ఇక్కడా పెట్టాలి. ఒక్క తేడా గుర్తుంచుకోండి. తెలుగులో గురువు కంటికి కనిపిస్తుంది: దీర్ఘమో, సున్నానో, తర్వాత సంయుక్తాక్షరమో ఉంటుంది. ఇంగ్లీషులో బరువు రాతలో కనపడదు, చెవితో పట్టుకోవాల్సిందే.

పట్టుకోవడానికి డ్రమ్స్ సాయం చేస్తాయి. ఎక్కువ పాటలు నాలుగు దెబ్బల ఆవృతంలో నడుస్తాయి. రెండు ఆవృతాలు కలిస్తే ఆది తాళంలా ఎనిమిది. చప్పట్లు కొడుతూ వినండి. దెబ్బ పడినచోట ఉండే మాట సాధారణంగా అర్థం మోసే మాటే, నామవాచకమో క్రియో. దెబ్బల మధ్య ఇరుక్కున్నవి చిన్న మాటలు.

ఇప్పుడు పాట వదిలేసి ఇది చేయండి. మూడు చప్పట్లు సమంగా కొడుతూ 'కుక్స్, మేక్, టీ' అనండి. చప్పట్ల వేగం మార్చకుండా 'ద కుక్స్ మేక్ ద టీ' అనండి. తర్వాత 'ద కుక్స్ విల్ మేక్ ద టీ'. ఆపైన 'ద కుక్స్ హావ్ బీన్ మేకింగ్ ద టీ'. మూడు మాటలు ఏడైనా చప్పట్లు మూడే, పట్టే సమయమూ దాదాపు అంతే. మనం ప్రతి మాటకూ సమానంగా సమయమిచ్చి చివరి వాక్యాన్ని రెట్టింపు పొడవు చేస్తాం. 'కాస్త మెల్లగా చెప్పండి' అని క్లయింట్లు అనేది నిజానికి వేగం వల్ల కాదు, అన్ని మాటలూ ఒకే బరువుతో రావడం వల్ల ముఖ్యమైన మాట ఏదో వాళ్ళకు తెలియకపోవడం వల్ల.

రాగం కోసం పాటలో బరువు పక్కకు జరిగే సందర్భాలూ ఉంటాయి. అనుమానం వచ్చిన మాటను డిక్షనరీలో చూడండి, బరువు పడే భాగానికి ముందు నిలువు గీత ఉంటుంది. హోటెల్, ఈవెంట్, డెవలప్, కమిటీ: ఈ నాలుగింటినీ మనం మొదటి అక్షరం మీద కొడతాం, బరువు రెండో భాగం మీద పడాలి. ఫోటోగ్రాఫ్‌లో మొదటి భాగం, ఫటాగ్రఫర్‌లో రెండోది, ఫోటోగ్రాఫిక్‌లో మూడోది.

నా పలుకులో తెలుగుతనం ఎక్కడ దొరికిపోతోంది?

చివర. తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు లేకపోతే మన నోటికి తోచదు. అందుకే బస్సు, కారు, టెస్టు. పాడటంలోనూ అంతే: మనం చివరి అచ్చును సాగదీస్తాం. ఇంగ్లీషు పాటలో సాగేది లోపలి అచ్చు, మాట మూసుకునేది హల్లుతో. 'నైట్'ని 'నై' దగ్గర నాలుగు దెబ్బలు సాగదీసి, చివరి దెబ్బ మీద 'ట్' అని తలుపేసినట్టు మూయండి. రోజుకు ఐదు నిమిషాలు ఇదొక్కటే చేసినా రెండు వారాల్లో తేడా వినపడుతుంది.

మొదట్లోనూ దొరికిపోతాం: ఎగ్‌ని 'యెగ్' అనీ, ఓన్లీని 'వోన్లీ' అనీ. గొంతులో చిన్న ఊపిరి ఆపి, నాలుక కదపకుండా నేరుగా అచ్చుతో మొదలుపెట్టండి. మూడోది, వి-డబ్ల్యూ తేడా. 'వి'కి పై పళ్ళు కింది పెదవిని తాకాలి, డబ్ల్యూకి పెదవులు ఈల వేసినట్టు గుండ్రంగా రావాలి, పళ్ళకు పని లేదు. అద్దం ముందు పాడితే తెలిసిపోతుంది. జడ్-జె తేడా కూడా ఉంది గానీ, దానివల్ల అర్థం చెడే సందర్భాలు తక్కువ. చివరికి వదిలేయండి.

## పాట నుంచి మాటకు

పాటలో 'షీ డోంట్' అని ఉంది. గ్రామర్ తప్పు కదా?

వ్యాకరణం పుస్తకం ప్రకారం తప్పే. 'షీ డోంట్', 'ఎయింట్', ఒకే వాక్యంలో రెండు 'కాదు'లు పాటల్లో మామూలు. అర్థం చేసుకోండి, వాడకండి. 'గొనా', 'వానా' మాటలో వాడొచ్చు, మెయిల్‌లో రాయొద్దు. ప్రాస కోసం మాటల వరుస తిరగబడ్డ పాదాలను వాక్యం నమూనాగా తీసుకోవద్దు.

పాటలు నోటికొచ్చేశాయి, మీటింగ్‌లో మాత్రం నోరు పెగలడం లేదు.

పాటలో తర్వాతి మాట ఏమిటో ముందే తెలుసు. మీటింగ్‌లో తెలియదు. మధ్యలో ఒక మెట్టు కట్టాలి. పాటకు మూడు వాక్యాల చట్రాలు తీసుకుని, లోపలి మాటలు మార్చి, ఆ రోజు మీ పనికి తగిలించండి. 'అలా అయ్యుంటే ఇలా చేసేవాణ్ణి' అనే చట్రం ప్రేమ పాటల్లో బాగా దొరుకుతుంది. అదే ఉదయం టీమ్ స్టాండప్ మీటింగ్‌లో 'ఐ వుడ్ హావ్ ఫినిష్డ్ ఇట్ ఇఫ్ ఐ హాడ్ గాట్ ద యాక్సెస్' అవుతుంది. విరహం అక్కడ, యాక్సెస్ ఇక్కడ, వ్యాకరణం ఒకటే.

ఇంకొకటి: పాట ఎవరిని ఉద్దేశించిందో ఆ మనిషిగా మారి జవాబు చెప్పండి. 'వెళ్ళిపోకు' అని పాడితే, ఎందుకు వెళ్ళాలో ఐదు వాక్యాల్లో చెప్పండి. ముందుగా రాసుకోకూడదు. తడబడటానికే ఈ కసరత్తు.

నేను క్యాబ్ నడుపుతాను. కూర్చుని రాసుకునే తీరిక లేదు.

ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య వినండి, బండి కదులుతుండగా ఫోన్‌లో లిరిక్స్ చూడకండి. మీకు పాటే పని తెచ్చిపెడుతుంది. 'ఈజ్ ద మ్యూజిక్ ఓకే ఫర్ యూ?', 'షల్ ఐ టర్న్ ఇట్ డౌన్?', 'వుడ్ యూ లైక్ టు ప్లే యువర్ ఓన్ సాంగ్?' ఈ మూడూ నున్నగా వచ్చేదాకా పలకండి. టర్న్ అప్ అంటే పెంచడం, టర్న్ డౌన్ తగ్గించడం, టర్న్ ఆఫ్ ఆపేయడం. అవే ఏసీకీ పనికొస్తాయి.

## నలుగురిలోకి

ఆఫీసులో తెలుగువాళ్ళం ఒక గుంపు, భోజనానికీ కలిసే వెళ్తాం. వేరేవాళ్ళతో మాట ఎలా కలపాలి?

'మీకు ఏ పాట ఇష్టం?' అని అడిగితే ఒక్క ముక్కలో జవాబొచ్చి మాట ఆగిపోతుంది. ఒక పాదం చూపించి 'ఇక్కడ ఈ మాటకు అర్థమేంటి?' అని అడగండి. సాయం అడిగినవాళ్ళతో మనుషులు ఎక్కువసేపు మాట్లాడతారు.

కన్నడిగులైన సహోద్యోగులతో మీకొక వరం ఉంది. రాజ్‌కుమార్‌కు ఏళ్ళ తరబడి గొంతునిచ్చిన పి.బి. శ్రీనివాస్ పుట్టింది కాకినాడలో. ఎస్. జానకిది అప్పటి గుంటూరు జిల్లా. మన బాలసుబ్రహ్మణ్యం 1981లో ఒకే రోజు 21 కన్నడ పాటలు పాడారని ఇక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. 'వాళ్ళు పాడిన కన్నడ పాటల్లో నేను మొదట ఏది వినాలి?' అని ఇంగ్లీషులో అడగండి. తర్వాత విని, ఒక పాదానికి అర్థం అడగండి. ఆ సహోద్యోగికీ ఇంగ్లీషు పరాయిదే, మీకూ పరాయిదే. తప్పులెన్నే భయం ఇద్దరికీ ఉండదు, పోతూ పోతూ నాలుగు కన్నడ మాటలూ వస్తాయి. బెంగళూరులో ఉంటూ కన్నడం అక్కర్లేదనుకోవడం మర్యాద కాదు కూడా.

నలుగురం కలిసి వారానికోసారి పాడుకుందామనుకుంటున్నాం. ఎలా నడపాలి?

నలుగురి నుంచి ఆరుగురు. అందులో ఒక్కరైనా తెలుగు రానివాళ్ళు ఉండాలి, లేకపోతే పది నిమిషాల్లో మాట తెలుగులోకి జారి, అరగంటలో బిర్యానీ ఎక్కడ బాగుంటుందన్న చర్చకు చేరుతుంది. ఆదివారం కబ్బన్ పార్కు లోపల వాహనాలు తిరగవు కాబట్టి పొద్దున్నే అక్కడ కూర్చోవచ్చు.

గంట సరిపోతుంది. పది నిమిషాలు ఒకరు ఎంచుకున్న పాట వినడం. ఇరవై నిమిషాలు ఎవరికి ఏ మాట అందిందో పోల్చుకోవడం; అసలు మాటలన్నీ ఇక్కడే పుడతాయి. పావుగంట పాడటం. మిగతా పావుగంట ఆ పాట వాళ్ళకు ఎందుకు నచ్చిందో ఒక్కొక్కరు చెప్పడం. పాట ఎంచుకునే వంతు వారం వారం మారాలి. మధ్యలో ఎవరి గ్రామర్‌నీ దిద్దకూడదు, దిద్దితే మరుసటి వారం ఆ మనిషి రారు.

పీజీ మేడ మీద చేసుకుంటే రాత్రి పదికి ముగించండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతంలో పరిమితి 45 డెసిబెల్స్, పగలు 55. వర్షం వస్తే జేపీ నగర్‌లోని ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియెన్స్ మ్యూజియం ఉంది. ఒక్కొక్కరు ఒక్కో వాయిద్యం దగ్గర ఆగి మిగతావాళ్ళకు రెండు నిమిషాలు వివరించాలని షరతు పెట్టుకోండి.

ఓపెన్ మైక్‌కి, కరోకేకి వెళ్ళాలనుంది, భయంగా ఉంది.

ఇందిరానగర్, కోరమంగళ, చర్చ్ స్ట్రీట్ చుట్టుపక్కల ఇవి జరుగుతుంటాయి. మొదటిసారి వినడానికే వెళ్ళండి. ప్రవేశ రుసుము ఉందా, కనీస బిల్లు ఉందా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. నిమ్మసోడాతో కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. రెండోసారి కాస్త ముందుగా వెళ్ళి నిర్వాహకుడికి పేరివ్వండి. కరోకేలో అందరూ తప్పేది పల్లవి ఎత్తుకోవడంలో: తెరమీద మాట రంగు మారాక మొదలుపెడితే అప్పటికే ఆలస్యం. ముందు ఆవృతంలో మనసులో నాలుగు లెక్కపెట్టుకుని ఎత్తుకోవాలి.

పాడినవాళ్ళను మెచ్చుకునేటప్పుడు 'సూపర్' అని ఊరుకోకుండా 'రెండో చరణంలో మెల్లగా తగ్గించారు, అది బాగుంది' అన్నట్టు ఒక నిర్దిష్టమైన మాట చెప్పండి. ఆ వాక్యం ఇంట్లోనే తయారుచేసుకుని వెళ్ళినా తప్పులేదు.

క్రిస్మస్ కేరల్స్ బృందంలో చేరితే ఉపయోగమా?

విశ్వాసం ఉన్నవాళ్ళకు, లేదా ఆ ప్రార్థనా వాతావరణాన్ని గౌరవించగలిగినవాళ్ళకు చాలా ఉపయోగం. ఇంగ్లీషు ఆరాధన జరిగే చర్చిలో అడగండి. కాయిర్‌లో ముప్పైమంది ఒకే అచ్చును ఒకే ఆకారంలో పలకాలి, చివరి 'ట్', 'స్' అందరిదీ ఒకే క్షణంలో పడాలి. ఒక్కరు ఆలస్యమైనా పాము బుస కొట్టినట్టు వినపడుతుంది. ఉచ్చారణకు ఇంత కఠినమైన బడి ఫీజు కట్టినా దొరకదు.

ఆన్‌లైన్‌లో కలిసి పాడొచ్చా?

స్మ్యూల్ లాంటి యాప్‌లో ఎవరో పాడి ఉంచిన సగానికి మీ సగం జోడించొచ్చు. మెచ్చుకోలు మాటలు ఇంగ్లీషులో రాయండి. ఫోన్ నంబరు, ఆఫీసు పేరు ఇవ్వకండి.

లిరిక్స్ ప్రింట్ తీసి పంచితే, నలుగురి ముందు పాడితే కాపీరైట్ సమస్య వస్తుందా?

మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయిన తర్వాత 60 ఏళ్ళ దాకా గీతం మీద హక్కు ఉంటుంది. సొంతంగా చదువుకోవడానికి రాసుకుంటే ఇబ్బంది లేదు. పాట మొత్తం ప్రింట్ తీసి పదిమందికి పంచడం వేరు. ఎవరి ఫోన్‌లో వాళ్ళు యాప్‌లో చూసుకుంటే గొడవే ఉండదు. టికెట్ లేకుండా, ఔత్సాహికుల సంఘం తమలో తాము పాడుకోవడానికి చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపునిస్తుంది. టికెట్ పెడితే ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ లైసెన్సు తీసుకోవాల్సి రావచ్చు.

## మధ్యలో ఆగిపోయినప్పుడు

నెల తర్వాత విసుగొచ్చేసింది.

పాట కష్టమైనదై ఉంటుంది, లేదా ఒంటరిగా చేస్తూ ఉంటారు. తేలిక పాటకు మారండి, లేదా ఒక మనిషిని వెతుక్కోండి.

నా ఉచ్చారణకు టీమ్‌లో నవ్వారు.

'విచ్ వర్డ్?' అని అడగండి, కోపం లేకుండా. ఏ మాటో చెబితే ఆ సాయంత్రానికి మీకు పని దొరికినట్టు. చెప్పలేకపోతే వాళ్ళు నవ్వింది అలవాటుకొద్దీ.

మెరుగవుతున్నానని ఎలా తెలుస్తుంది?

మొదటి రోజున ఒక నిమిషం రికార్డు చేసి దాచండి, ముప్పయ్యో రోజున అదే పాట కథ మళ్ళీ చెప్పి పక్కపక్కన వినండి. ఇంకో కొలత: కొత్త పాట తొలిసారి విన్నప్పుడు అందిన మాటల లెక్క. అన్నిటికంటే నమ్మకమైనది, ఎదుటివాళ్ళు 'కమ్ ఎగైన్?' అనడం వారంలో ఎన్నిసార్లు జరిగిందో క్యాలెండర్ మీద గీతలు పెట్టుకోవడం.

నేను పాడుతుంటే మా పిల్లలే తప్పులు దిద్దుతున్నారు. వాళ్ళ ముందు పాడాలంటే మొహమాటం.

దిద్దనివ్వండి, ఫీజు లేని మాస్టర్లు. పేరెంట్స్ మీటింగ్‌లో టీచరుతో మాట్లాడాల్సిన నాలుగు వాక్యాలు కూడా వాళ్ళ ముందే పలికి చూసుకోండి. బదులుగా ఒక ఒప్పందం పెట్టుకోండి: వాళ్ళు ఒక ఇంగ్లీషు పాట నేర్పితే మీరొక తెలుగు పాట నేర్పుతారు. ఇంట్లో తెలుగు విన్నా ఇంగ్లీషు బడిలో పెరిగిన పిల్లలు 'ఱ'ను గుర్తుపట్టరు, దీర్ఘాల దగ్గర తడబడతారు, ఒత్తులను దాటేస్తారు. అప్పుడు దిద్దే వంతు మీది.